అంకెకు ముందు గీత

మా నాయనమ్మకు చదువు రాదు. అంకెలు కూడా పోల్చుకోలేదు. అయినా నాన్న పద్దుల పుస్తకంలో ఒక్క గుర్తును మాత్రం కిరోసిన్ దీపం వెలుగులో కూడా ఇట్టే పట్టేసేది. అంకెకు ముందు అడ్డంగా గీసే చిన్న గీత.

మాది పినపాక. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. ఎండాకాలం వస్తే ఊరు ఊరంతా తెల్లవారకముందే తునికాకుకు పోయేది. 50 ఆకులు పేర్చి నారతో కడితే ఒక కట్ట. 1,000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో కల్లేదారు కట్టలు లెక్కపెట్టుకుంటుంటే మా వాళ్లు తమ లెక్క తాము మనసులో వేసుకునేవాళ్లు. రాత్రి అన్నాలయ్యాక నాన్న ఆ లెక్కను పొడుగు పుస్తకంలోకి ఎక్కించేవాడు. మనకు రావాల్సింది ఉత్త అంకె. మనం ఇవ్వాల్సింది గీత పెట్టిన అంకె. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఎంత వచ్చిందని అడిగేది కాదు. ఆమె ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "గీత ఉన్నదా అయ్యా?"

ఉందంటే ఆ రాత్రి ఇంట్లో మాటలు తగ్గేవి. లేదంటే నాన్న కూనిరాగం తీసేవాడు. అయిదొందలు రెండు చోట్లా అయిదొందలే. దాని ముందు నిలబడ్డ గీత ఇంటి గాలినే మార్చేసేది. ఒక్క అంకెను పట్టుకుని, ఇంకెవరి సాయం లేకుండా, దాని అర్థాన్ని తిరగేసే గుర్తు. దానికి చదువులో ఒక పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు మాకు మైక్రోప్రాసెసర్ ల్యాబు ఉండేది. బల్ల మీద 8085 కిట్లు, ఎర్రగా వెలిగే అంకెల తెర, గట్టిగా నొక్కితే తప్ప పలకని మీటలు. ఇంటెల్ 8085ను 1976లో తెచ్చింది. దాని పేరు చివరి 5 వెనక ఒక కథ ఉంది. అంతకుముందున్న 8080 చిప్ నడవాలంటే +5, −5, +12 అని మూడు రకాల వోల్టేజీలు కావాలి. 8085కు ఒక్క +5 చాలు. ఆ సంగతి విన్నప్పుడు నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. గీత పెట్టిన 5 అక్కర్లేకుండా బతకగలిగిన చిప్ ఇది అనుకున్నాను.

మా మొదటి ప్రయోగాల్లో ఒకటి ఒక అంకెకు ఋణరూపం కనుక్కోవడం. 5 తీసుకోండి. ఎనిమిది బిట్లలో అది 00000101. సీఎమ్ఏ అనే ఆదేశం ఇస్తే ప్రతి సున్నా ఒకటవుతుంది, ప్రతి ఒకటీ సున్నా అవుతుంది: 11111010. దానికి ఒకటి కలిపితే 11111011. కిట్ తెర మీద ఎఫ్‌బీ అని వెలుగుతుంది. అదే −5. మామూలు లెక్కలో చూస్తే అది 251. రెండూ ఒకటెలా అవుతాయని నేను బల్ల దగ్గర కదలకుండా నిలబడిపోయాను. సార్ నా పుస్తకంలో ఒక కూడిక వేయమన్నారు. 8కి 251 కలిపితే 259. ఎనిమిది బిట్లలో 255 దాటి పట్టదు కాబట్టి 256 పొర్లిపోతుంది, మిగిలేది 3. 8లోంచి 5 తీసేసినా 3 కదా అన్నారు. అప్పు తీర్చినట్టే ఉంది ఆ కూడిక. పాత్ర చిన్నది కాబట్టి పొర్లింది, పొర్లింది కాబట్టి లెక్క సరిపోయింది.

5ను అలా ఋణం చేయడానికి సీఎమ్ఏ, ఒకటి కలిపే ఐఎన్ఆర్ అనే రెండు ఆదేశాలు కావాలి. అవి నడిచేటప్పుడు చిప్ చేసే పనులు. అసెంబ్లీ భాషలో ఇంకో దారి ఉంది. "ఎమ్‌వీఐ ఏ, −5" అని నేరుగా రాయవచ్చు. ఇక్కడ 5 ముందున్న గీత చిప్‌కు ఇచ్చిన ఆదేశం కాదు. అది రాతలో భాగం. ఇలాంటి గుర్తునే యూనరీ ఆపరేటర్ అంటారు. కూడిక గుర్తు కావడి లాంటిది, రెండు వైపులా కుండలు వేలాడితేనే భుజం మీద నిలుస్తుంది. యూనరీ గుర్తు నెత్తిన బిందె. ఒక్క మనిషి చాలు.

అసెంబ్లీ భాష అంటే చిప్ మాటకు మనిషి మాటకు మధ్య వేసిన కాలిబాట. చిప్‌కు తెలిసింది అంకెలే. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ కోసం డేవిడ్ వీలర్ 31 ఆదేశాల చిన్న ప్రోగ్రాము రాశాడు. మనిషి అక్షరాల్లో రాసిన ఆదేశాలను అది యంత్రపు అంకెలుగా మార్చి లోపల పేర్చేది. తర్వాత వచ్చిన అసెంబ్లర్లన్నీ ఆ పనిని పెంచుకుంటూ పోయినవే. ఉత్త ఆదేశాలతో ఆగకుండా, ఆదేశం పక్కన చిన్న లెక్క కూడా రాసే వీలిచ్చాయి. ఆ లెక్కల్లోనే ఈ ఒంటరి గుర్తులు ఉంటాయి: విలువను ఋణం చేసే −, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచే +, బిట్లన్నీ తిరగేసే నాట్, చిరునామాను రెండుగా విడదీసే హై, లో.

మా ల్యాబులో అసెంబ్లర్ లేదు. ఆదేశాల పట్టీ చేతిలో పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో మాట పక్కన దాని అంకె రాసుకుని, ఆ అంకెలే కిట్‌లో కొట్టేవాళ్లం. ఎమ్‌వీఐ ఏ పక్కన 3ఈ. −5 పక్కన ఎఫ్‌బీ. అంటే అసెంబ్లర్‌ను నేనే. గీతను కరిగించి అంకెలో కలిపేసింది నా పెన్సిలే. మీట నొక్కాక కిట్ లోపల గీత ఎక్కడా లేదు. ఎఫ్‌బీ మాత్రమే ఉంది. అది −5 అని ఆ గదిలో తెలిసింది నాకొక్కడికే. నేను మర్చిపోతే అది 251 అయిపోతుంది, యంత్రం అడ్డు చెప్పదు. ఇంత చిన్న గుర్తు ఇంత బరువును మనిషి మీద పెట్టి తాను మాయమవుతుందని ఆ రోజు తెలిసింది. నాన్న పుస్తకంలో గీత చెరిగిపోతే అప్పు పోదు. దాన్ని గుర్తుపెట్టుకునే పని మాత్రం ఇంటివాళ్ల మీద పడుతుంది.

గుర్తు ఆకారం కూడా మనం ఒప్పుకున్నదే. బ్రహ్మగుప్తుడు 628లో ధనానికి, ఋణానికి, శూన్యానికి సూత్రాలు చెప్పాడు. శూన్యంలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం అన్నాడు. గీత మీద గీత పడితే గీతే పోతుందన్న మాట. అప్పు అనే ఇంటి మాటనే ఆయన గణితంలో కూర్చోబెట్టాడు. మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు ఆ ధనఋణాలు తెలుగులో కాపురం పెట్టాయి. భాస్కరాచార్యుడి కాలంలో ఋణసంఖ్య నెత్తిన చుక్క పెట్టేవారు. బక్షాలీ రాతప్రతిలోనైతే ఋణానికి అంకె పక్కన ఇవాళ్టి కూడిక గుర్తులాంటిదే కనిపిస్తుంది. ఒక కాలంలో అప్పుకు గుర్తైనది ఇంకో కాలంలో కూడికైంది. చదివేవాడికి ఆ కాలం సంగతి తెలియకపోతే ధనికుడు అప్పులవాడవుతాడు, అప్పులవాడు ధనికుడవుతాడు.

అసెంబ్లీలోని ఒంటరి గుర్తుల మధ్య తేడాలు పుస్తకంలో చదివినప్పుడు తికమకపడిన తోటి విద్యార్థులు చాలామంది ఉన్నారు. నాకు తెలుగే దారి చూపింది. మనకు కాదు వేరు, లేదు వేరు. "ఇది మా గొడ్డు కాదు" అంటే గొడ్డు ఉంది, మరెవరిదో. "మాకు గొడ్డు లేదు" అంటే కొట్టమే ఖాళీ. అసెంబ్లీలో బిట్లను తిరగేసే ~ గుర్తు ఒక్కో బిట్ దగ్గరికి వెళ్లి "నువ్వు ఇది కాదు, అది" అంటుంది. కొన్ని అసెంబ్లర్లలో ఉండే ! గుర్తు విడివిడి బిట్ల జోలికి పోదు. మొత్తాన్ని ఒక్కసారి చూసి, లోపల ఏదైనా ఉందా లేదా అని అడుగుతుంది. సున్నా అయితే 1 అంటుంది, ఏది ఉన్నా 0 అంటుంది. అది మన లేదు. సంస్కృత వ్యాకరణం కూడా ఈ తేడాను పట్టుకుంది. ఒకదాన్ని తప్పించి దాని పక్కదాన్ని చూపించేది పర్యుదాసం. ఉందన్న మాటనే కొట్టేసేది ప్రసజ్య ప్రతిషేధం. చిప్‌లు పుట్టకముందే మనవాళ్లు రెండు కాదుల తూకం వేసి పెట్టారు.

మరి వద్దు సంగతి? దానికి అసెంబ్లీ లెక్కల్లో గుర్తు లేదు. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. వద్దు అనాలంటే అనేవాళ్లొకరు, వినేవాళ్లొకరు ఉండాలి. అది ఒంటరి గుర్తు కాలేదు. అది కావడి.

తెలుగు క్రియలో ఇంకో ముచ్చట ఉంది. "చేస్తాను" అనడానికి ఎంత సరంజామా! ధాతువు, కాలం చెప్పే ముక్క, చివర "ను". "చేయను" అనడానికి మధ్యలో ఒక్క అకారం చాలు. కాలమంతా ఆ చిన్న అచ్చు మింగేస్తుంది. ఎనిమిది బిట్లలో ఎడమ చివరి బిట్ ఒక్కటి 1 అయితే మొత్తం సంఖ్య ఋణమైనట్టే. ఆ అకారం మన క్రియకు గుర్తు బిట్.

నేను చేసిన ఒక పొరపాటు వల్ల హై, లో గుర్తులు నాకు బాగా తెలిశాయి. జవాబును 8050 అనే చిరునామాలో దాచాలి. దాచే ఆదేశం అంకె 32. దాని తర్వాత నేను 80, 50 అని కొట్టాను. ప్రోగ్రాము నడిచింది. 8050లో చూస్తే నా జవాబు లేదు. గంటసేపు వెతికాను. 8085 చిరునామాలో చిన్న సగాన్ని ముందు అడుగుతుంది, పెద్ద సగాన్ని తర్వాత. 32, 50, 80 అని కొట్టాలి. నా జవాబు 5080 అనే పరాయి ఊరికి బయల్దేరింది. అసెంబ్లర్ ఉంటే "లో 8050" అని రాస్తే 50 ఇస్తుంది, "హై 8050" అని రాస్తే 80 ఇస్తుంది. ఒక్క చిరునామాలోంచి కావాల్సిన సగాన్ని తుంచి ఇచ్చే గుర్తులివి.

ఆ రాత్రి హాస్టల్లో ఇంటికి ఉత్తరం రాస్తూ కవరు మీద చూశాను. ముందు నాన్న పేరు, తర్వాత పినపాక, తర్వాత ఖమ్మం జిల్లా. చిన్నది ముందు, పెద్దది తర్వాత. 8085 అడిగిన వరసే. కానీ నాన్న పేరులో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అక్కడ పెద్దది ముందు. ఒకే కవరు మీద రెండు వరసలనూ ఏ తికమకా లేకుండా చదివే పోస్టుమ్యాన్ మీద నాకు ఆ రాత్రి ఎంతో గౌరవం కలిగింది.

మా ఊరి చిరునామాలో పెద్ద సగం ఎన్నిసార్లు మారిందో! నాయనమ్మ పుట్టినప్పుడు వరంగల్ జిల్లా. 1953లో ఖమ్మం జిల్లా విడిపోయింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. పినపాక మాత్రం అక్కడే ఉంది. ప్రోగ్రామును జ్ఞాపకంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపినప్పుడు ఇలాగే పెద్ద సగం మారి చిన్న సగం నిలిచిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో చిన్న చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తున్నాను. మేం వాడే గ్నూ అసెంబ్లర్ పుస్తకం ముందు నిలబడే గుర్తులుగా రెండింటినే చెబుతుంది: −, ~. రెండింటికీ ఒక పట్టింపు ఉంది. తమ చేతికొచ్చే విలువ స్థిరపడినదై ఉండాలి. ప్రోగ్రాములో ఒక చోటుకు పేరు పెడతాం. అది చివరికి జ్ఞాపకంలో ఎక్కడ కుదురుకుంటుందో అప్పటికి తేలదు. దాని ముందు గీత పెడితే అసెంబ్లర్ ఒప్పుకోదు. ఇంకా కాలూనని దాన్ని ఋణం చేయలేనంటుంది. అదే, ఒకే భాగంలోని రెండు చోట్ల మధ్య దూరమైతే స్థిరమే. ఆ దూరం ముందు గీత పెట్టవచ్చు. ఊళ్లు ఎటు జరిగినా ఊరికి ఊరికి మధ్య నడక మారదు కదా. నాకు ఈ నియమం న్యాయంగా తోస్తుంది. ఎక్కడ నిలదొక్కుకుంటాడో తెలియని మనిషిని అప్పుల లెక్కలో వేయకూడదు.

మా ఇంటిని అలా వేసిన ఏడాది ఒకటుంది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడో హెచ్చరిక మీద ఇంకో 22 అడుగులకు పైగా నీళ్లు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా పెద్దవాళ్లు 86తోనే పోల్చుకున్నారు. 86లో గోదారి పక్కనున్న మా చేను మీద ఇసుక మేట వేసింది. నేను చిన్నవాణ్ణి. నీళ్లు పోయాక నాన్న చేను గట్టున నిలబడి ఇసుకను పిడికిట్లోకి తీసుకుని వదలడం నాకు గుర్తుంది. తర్వాత చాలా ఏళ్లు ఆయన పుస్తకంలో ఒక అంకె ముందు గీత పోలేదు. వడ్డీ కట్టినా, మిరప బాగా పండినా, ఆ పేజీకి వస్తే అదే గీత.

ఎనిమిది బిట్లలో అలాంటి సంఖ్య ఒకటుంది, −128. దాని రూపం 10000000. తిరగేస్తే 01111111. ఒకటి కలిపితే మళ్లీ 10000000. దాని ముందు ఎన్ని గీతలు పెట్టినా అది −128గానే ఉంటుంది. ఎందుకంటే +128 ఆ పాత్రలో పట్టదు. అక్కడ ధనం 127 దగ్గరే ఆగిపోతుంది. పాత్ర చిన్నదైనప్పుడు కొన్ని నష్టాలకు ఎదురు సంఖ్య ఉండదు. దీనికి మందు ఒక్కటే, పాత్రను పెద్దది చేయడం. పదహారు బిట్లు ఇస్తే 128 హాయిగా పడుతుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. పిల్లలు చదువుకుని, చేతులు నాలుగై, ఇల్లు పెద్దదయ్యాక ఆ పేజీ తీరింది. ఆ రోజు నాయనమ్మ అడిగింది, "గీత ఉన్నదా అయ్యా?" నాన్న పుస్తకం ఆమె ముందు పెట్టాడు. ఆమె కాగితం మీద వేలు పెట్టి, అంకెకు ముందున్న ఖాళీని తడిమి చూసింది.

ఇన్ని గుర్తుల్లో నా మనసుకు దగ్గరైనది మా నాయనమ్మ నోట్లోనే ఉండేది. వంటింట్లో కుండ దగ్గర కూర్చుని ఆమె అనేది: "బియ్యం నిండుకున్నయి బిడ్డా, కొట్టుకు పోయి రా." తెలుగు ఇళ్లలో బియ్యం లేవనరు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఊరికి పోతూ వెళ్తున్నాననరు, వెళ్లొస్తానంటారు. అశుభాన్ని నోట పలకకూడదని మాటను మొత్తంగా తిరగేసి చెబుతారు. ఎనిమిది సున్నాలను తిరగేస్తే ఎనిమిది ఒకట్లు: 11111111. ఖాళీకి నాట్ పెడితే నిండు.

మొన్న మా అమ్మాయి చేత సామాన్ల చీటీ రాయిస్తూ "బియ్యం కూడా రాయి, నిండుకున్నాయి" అన్నాను. అది కలం ఆపి, "నిండుగా ఉంటే మళ్లీ ఎందుకు నాన్నా?" అంది. తప్పు దానిది కాదు. 11111111ను గుర్తు లేని సంఖ్యగా చదివితే 255. ఎనిమిది బిట్ల పాత్రలో అంతకన్నా నిండు లేదు. గుర్తు ఉన్నదిగా చదివితే అది −1. బిట్లు మారవు. ఎలా చదవాలో ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.

దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టమన్నాను. వేళ్లు అడుగుకు తగిలాయి. "ఇంకా కొన్ని ఉన్నాయి" అంది. అవును, పిడికెడు ఉన్నాయి. నాయనమ్మ కూడా కుండలో పిడికెడు బియ్యం ఎప్పుడూ మిగిల్చేది. ఆ పిడికెడు ఉండగానే నిండుకున్నాయి అనేది. చిన్నప్పుడు అది సెంటిమెంటు అనుకున్నాను. 11111111కు ఒక్కటి కలిపితే అన్ని బిట్లూ పొర్లి సున్నా వస్తుంది. నాయనమ్మ ఆ మాట అన్న ప్రతిసారీ సున్నాకు ఒక్క అడుగు ఇవతలే ఆగేది. ఆ అడుగు వేయాల్సిన పని రాకుండా నన్ను కొట్టుకు పంపేది.

మా అమ్మాయి డబ్బా మూత పెట్టి, వచ్చి చీటీలో బియ్యం అని రాసింది.